తులసి ఉండవలసిన చోట

“గంజాయి వనములో తులసి మొక్క” అనునది తెలుగువారి నోట నానిన సామెత. చెడ్డవారి నడుమ పుట్టియు మంచిగా బ్రదికినవానిని గూర్చి దీనిని వాడుదుము. ఈ సామెతను కూర్చిన పెద్దల మనస్సులో రెండు మొక్కలకును వేర్వేరు తావులు కలవు. గంజాయి ఎక్కడనో ఊరి వెలుపల పెరుగును; తులసి ఇంటి ముంగిట కోటలో ఉండును. తులసి దారి తప్పి వనములో మొలవవచ్చునని వారు ఊహించిరి గాని, గంజాయి దారి తప్పి ఇంటిలోని కుండీకి వచ్చునని ఊహింపలేదు.

నేడు ఆ సామెత తలక్రిందులైనది. 2017లో హైదరాబాదు పడమటి భాగమందలి మణికొండలో ఒక అపార్టుమెంటు ఫ్లాటులో సుమారు 40 కుండీలలో గంజాయి పెంచుచున్న యువకుని పోలీసులు పట్టుకొనిరి. అతడు ఆ విద్యను అంతర్జాలములోని వీడియోలు చూచి నేర్చుకొనెనని పత్రికలు వ్రాసినవి. మణికొండ హైటెక్ సిటీకి కూతవేటు దూరము. సాఫ్టువేరు ఉద్యోగులు కాపురముండు పేట. బాల్కనీలో తులసి ఉండవలసిన చోటు ఖాళీగానే ఉన్నది. తలుపు మూసిన గదిలో మాత్రము వనము పెరిగినది.

ఉపాధ్యాయులును విద్యార్థులును చదువు సాహిత్యపుటలో ఈ చర్చ ఏల యని కొందరికి తోచవచ్చును. నన్ను వేధించుచున్నది ఆ నేరము కాదు, ఆ నేరములోని శ్రద్ధ. 40 మొక్కలను మూసిన గదిలో బ్రదికించుట సోమరి చేయగల పని కాదు. ఏ వేళ వెలుగు కావలెనో, ఏ వేళ చీకటి కావలెనో, ఆకు వేయునప్పుడు ఏ ఆహారము పెట్టవలెనో, పూత దశలో దేనిని మార్చవలెనో తెలిసికొని, దినదినము కనిపెట్టి చూచినవాడే దానిని సాధింపగలడు. ఇంతటి శ్రద్ధ గల బాలునకు మన బడి ఎన్నడైన ఒక మొక్కను చేతికిచ్చినదా? ఇదియే నా ప్రశ్న.

ముందుగా మాట పూర్వోత్తరములు చూతము. అథర్వవేదములో దర్భ, యవలతోపాటు ‘భంగ’ అను మొక్క పేరు వినబడును. పాణిని నువ్వుల చేనునకును మినుప చేనునకును పేర్లు సాధించుచు, భంగ పండు చేనునకును రూపము చెప్పినాడు. అమరసింహుడు దానిని వైశ్యవర్గములో, సేద్యపు పంటల నడుమ ఉంచినాడు. చేనులో పండు పంటగా దీనిని పెద్దలు ఎరుగుదురనుటకు ఇవి చాలును. తరువాతి వైద్యనిఘంటువులలో దీనికి ‘విజయ’ యను పేరు వచ్చినది. నారకు, మందునకు, మత్తునకు - ఒకే మొక్క మూడు దారుల నడచినది. తెనాలి రామకృష్ణునివని చెప్పుకొను చాటువులలో, తనకు పొందని సమస్య నిచ్చినవానిని గంజాయి త్రాగితివా యని నిలదీసినది పండితులకును పామరులకును తెలిసినదే. అనగా మత్తు సంగతి మనవారికి క్రొత్త కాదు. దానిని మెచ్చుకొనలేదనుటయు అంతే నిజము. సన్న్యాసి చిలుములోనో, దారి తప్పినవాని చేతిలోనో దానిని చూచిరి గాని, చదువుకొను పిల్లవాని బల్లమీద చూడలేదు.

ఈ జాతిలో ఆడుమొక్కయు మగమొక్కయు సాధారణముగా వేరువేరు. మత్తులో అధికభాగము ఆడుమొక్క పూగుత్తులమీది జిగురునందు కలదు. అందుచేతనే 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూతతోనో కాయతోనో కూడిన కొసలనే ‘గంజాయి’ యని నిర్వచించినది. ఆ కొసలతో కూడని వట్టి ఆకును, గింజను నిర్వచనమునుండి తొలగించినది.

ఇక పేర్ల సంగతి. విశాఖ మన్యములోను ఒడిశా సరిహద్దులలోను పండు గంజాయి రకములలో మిక్కిలి గిరాకీ గలదానికి ‘శీలావతి’ యని పేరు. శీలము గల స్త్రీ శీలవతి. సంజ్ఞలలో దీర్ఘము వచ్చుట కలదు గనుక వ్యాకరణముతో నాకు పేచీ లేదు. పేరు పెట్టిన బుద్ధితోనే పేచీ. మన పురాణములు పతివ్రతలకు పెట్టిన పేరును వర్తకులు మత్తుసరకునకు తగిలించిరి. 2025 జూలైలో గచ్చిబౌలిలో మరియొక మాట బయటపడినది. సరకు చేరినదని కొనుగోలుదారులకు తెలుపుటకై వర్తకుడు పంపు సంకేతము ‘బచ్చా వచ్చినాడు’ అను అర్థము గల హిందీ వాక్యము. తెలంగాణ పోలీసుల ‘ఈగిల్’ దళమువారు ఆ తావున కాచియుండగా, సుమారు రెండు గంటలలో 14 మంది వచ్చి చిక్కిరి. వారిలో సాఫ్టువేరు ఉద్యోగులు కలరు. చిన్న బిడ్డను వెంటబెట్టుకొని వచ్చిన దంపతులును కలరు. పసిబిడ్డ పేరు సరకునకు పెట్టి, నిజమైన పసిబిడ్డ చేయి పట్టుకొని ఆ సరకునకై వచ్చుట! భాష చెడినచోట బ్రదుకు చెడుననుటకు ఇంతకన్న నిదర్శనము నేను వెదకలేను. కాని పట్టుబడిన ఆ కొనుగోలుదారులను మత్తు మాన్పించు కేంద్రములకు పంపిరని కూడ విన్నాము. అది మెచ్చదగిన పని.

శీలావతి పుట్టినిల్లు పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతములు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘పరివర్తన’ యను పేరుతో అక్కడి తోటలను వేల యెకరములలో నరికించినది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున సుమారు 2 లక్షల కిలోల గంజాయిని రాశులుగా పోసి తగులబెట్టిరి. ఆ పొగ వెనుక ఎవరి ముఖములు ఉన్నవో మనము ఆలోచింపవలెను. కాపీతోటలు, పసుపు, రాజ్మా పండించుకొని బ్రదుకదగిన గిరిజనుని చేత అప్పిచ్చి ఈ పంట వేయించినవాడు మైదానపు వర్తకుడు. మూట మోసి చెరసాలకు పోయినవాడు మాత్రము గిరిజన యువకుడు. అరకు కాపీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అదే కొండల మరియొక పంటకు ఈ అపఖ్యాతి కలిగినది. సైబరాబాదు గదిలో పీల్చిన పొగకు అడ్డతీగల అడవినుండి సీలేరు లోయ వరకు బాకీదారులు కలరు.

ఈ మాట చెప్పినచో, ఇంట పెంచుకొను యువకుడు వెంటనే బదులు చెప్పును: “అందుకే గదా, నేను ఎవరివద్దను కొనను. నా కుండీలో నేను పెంచుకొందును. వర్తకునకు రూకయు పోదు, గిరిజనునకు కీడును లేదు. మొక్కే కదా!” ఈ వాదమును తోసిపుచ్చుట సులభము కాదు. ఇందులో కొంత న్యాయము కలదని ఒప్పుకొనియే సమాధానము చెప్పవలెను.

మొదట చట్టము. మన చట్టములో గంజాయి కలిగియుండుటకు తూకముల భేదము కలదు. 1 కిలో వరకు అల్పపరిమాణము. దానికి ఒక సంవత్సరము వరకు కఠినకారాగారము గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 20 కిలోలు మించిన వ్యాపారపరిమాణము. దానికి 10 మొదలు 20 సంవత్సరముల వరకు శిక్ష. కాని మొక్కను పెంచుటకు ఇట్టి తూకము లేదు. ఒక కుండీ యైనను, ఒక తోట యైనను సేద్యమే. 10 సంవత్సరముల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధింప వీలున్నది. జేబులో పొట్లముతో దొరికినవానికన్న కిటికీలో కుండీతో దొరికినవానికి ఎక్కువ శిక్ష పడవచ్చును. ఇది న్యాయమా యని మీరడిగినచో, కొలత తప్పిన చట్టమనియే నేను చెప్పుదును. పట్టు కుండీని తోటగా తూచుట విచారింపదగినదే. కాని చట్టము మారువరకు అది చట్టమే. ‘మొక్కే కదా’ యను నాలుగక్షరాల మాటకు పది సంవత్సరముల యౌవనమును పణముగా ఒడ్డవలదని చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము. ఈ వివరము మన పిల్లలలో నూటికి ఒకనికైనను తెలియదని నా అనుమానము.

రెండవది పరదేశముల ఉదాహరణ. ఉరుగ్వే 2013లోను, కెనడా 2018లోను దీనిని అనుమతించినవి; జర్మనీ 2024 ఏప్రిల్ నుండి పెద్దలు ఇంట 3 మొక్కలు పెంచుకొనవచ్చునన్నది. మన దేశములోనే ఉత్తరాఖండ్ ప్రభుత్వము మత్తు మిక్కిలి తక్కువగా గల నారజాతిని అనుమతిపై పండింపనిచ్చుచున్నది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము దీనిని అత్యంత ప్రమాదకరముల పట్టికనుండి తొలగించినపుడు భారతదేశము అనుకూలముగానే ఓటు వేసినది. అంతకు ముందే, 1893-94లో ఆంగ్లప్రభుత్వము నియమించిన గంజాయి విచారణసంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, మితముగా వాడుటవలన పెద్ద కీడు లేదనియు, అతిగా వాడుట కీడనియు తేల్చినది. ఇవన్నియు నిజములే. దాచినచో పిల్లలు మన మాట నమ్మరు.

కాని అనుమతించిన ఆ దేశములును వయస్సు హద్దు పెట్టినవని మరువరాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రములు అనుమతించినను కేంద్రచట్టము ప్రకారము అది నేటికిని నియంత్రిత వస్తువే. వీసామీద చదువుకొను మన తెలుగు పిల్లవాడు “ఇక్కడ దుకాణములోనే అమ్ముచున్నారు” అనుకొని కొన్నచో, మరల ఆ దేశములో అడుగుపెట్టుటకే చిక్కు రావచ్చును. ఆ పెద్ద హద్దునకు కారణము కలదు. మెదడు ఎదుగుదల ఇరువదియైదేండ్ల ప్రాంతము వరకు సాగును. చిన్నవయస్సున తరచుగా వాడువారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గుటయు, కొందరికి చిత్తభ్రమ కలుగుటయు వైద్యులు గుర్తించినారు. పైగా 1893 నాటి గంజాయికిని, ఆడుమొక్కలను ఏరి మత్తును పెంచిన నేటి రకములకును హస్తిమశకాంతరము. ఆనాటి తీర్పును ఈనాటి సరకునకు అన్వయించుట, కల్లు ముంతకు చెప్పిన మాటను సారాకుండకు చెప్పినట్లగును.

శివుని పేరు చెప్పువారును కలరు. హాలాహలమును మ్రింగినవాని పేరు చెప్పి చిలుము పట్టువారు, హాలాహలమును కూడ మ్రింగి చూపవలెను. అంతకుమించి ఆ వాదమునకు బదులక్కరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆ శ్రద్ధ ఎక్కడినుండి వచ్చినది? 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపురము చుట్టును బండరాళ్లును చేలును ఉండెను. రాయదుర్గము, కొండాపురము, కొత్తగూడ, నానక్‌రామ్‌గూడ - ఇవన్నియు పల్లెలే. హైదరాబాదు పరిసరముల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఒకప్పుడు దేశమంతట పేరుపొందినది. పాతికేండ్లలో రాళ్లు పగిలి అద్దపుమేడలు లేచినవి. అందు పనిచేయు యువకుడు వరంగల్లునుండియో, కడపనుండియో, శ్రీకాకుళమునుండియో వచ్చినవాడు. తాత చేను దున్నినవాడు. అతని పగలు అమెరికా రాత్రికి అంకితము. ఇరువదవ అంతస్తులో అతనికి మన్ను లేదు, పొరుగు లేదు, ఋతువు లేదు. అట్టివాని చేతికి ఒక ప్రాణము గల వస్తువు కావలసివచ్చినది. దానిని పెంచి, పూయించి చూడవలెనను కోరిక కలిగినది. ఆ కోరిక తప్పు కాదు. తప్పు మొక్క దొరికినది.

మన బడి అతనికి మందారపువ్వును ఇచ్చినది. కాని కోసి, రక్షకపత్రములు వేరుచేసి, బొమ్మ వేసి, మార్కులు పొందుటకు ఇచ్చినది. మందారపు కొమ్మను నాటి చిగురింపజేయుట ప్రశ్నపత్రములో లేదు. అండాశయములో ఎన్ని గదులో చెప్పగల విద్యార్థి, మొగ్గ ఎందుకు రాలునో చెప్పలేడు. పుష్పించుదశలో మొక్కకు ఏమి పెట్టవలెనను ప్రశ్న అతని జీవితములో మొదటిసారి ఎదురైనది గంజాయి విషయములోనైనచో, అది మన విద్యకు కలిగిన సిగ్గు.

ఆ ప్రశ్నకు సమాధానము మన పెరటిలోనే ఉన్నది. మొక్క ఎదుగునప్పుడు నత్రజని ఆకును పెంచును. పూత వచ్చు వేళకు నత్రజని మిక్కుటమైనచో మొక్క ఆకుమదమెక్కి పూయుట మానును. అప్పుడు భాస్వరమును పొటాషును కావలెను. టమాటాకును, వంగకును, గులాబీకిని ఇదే సూత్రము. ఎముకల పొడి భాస్వరమునకు, కట్టెల బూడిద పొటాషునకు మన అమ్మమ్మలకు కూడ తెలిసిన మార్గములు. బూడిద చిటికెడు చాలును, ఎక్కువైనచో మన్ను క్షారమగును. మల్లె సంగతి మరియొకటి. చలికాలములో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువు వేసి నీరు పెట్టినచో వేసవికి విరగబూయును. కొంత కాలము ఎండగట్టిననే పూయుననుట మల్లె చెప్పు పాఠము.

ఇక వెలుగుచీకట్ల విద్య. గదిలో దీపములు అమర్చి యువకుడు నేర్చుకొన్న వింతను చేమంతి మనకు ప్రతి యేట ఉచితముగా చూపుచున్నది. రాత్రి నిడివి పెరిగినగాని చేమంతి మొగ్గ తొడుగదు. వీధిదీపము క్రింద నాటిన చేమంతి పూయుటకు ఆలస్యము చేయును. చీకటి మూలనున్నది ముందుగా పూయును. రెండు కుండీలు, ఒక దీపము ఉన్నచో పదవతరగతి పిల్లలు స్వయముగా చేసి చూడదగిన ప్రయోగమిది. సంప్రదాయపు చిక్కుడు కూడ పగలు కురుచయైన చలిదినములకై వేచియుండి కాయును. రకముల మీద మోజు గలవానికి బంతిలో, చేమంతిలో, వంగలో ఎన్ని రకములు లేవు! ఈ ప్రాంతపు బతుకమ్మకు కావలసిన గునుగు ఒకప్పుడు చేలగట్లమీద తనంత తాను మొలిచెడిది. నేడు గచ్చిబౌలి ఆడపడుచులు దానిని అంగడిలో కట్టలుగా కొనుచున్నారు. ఒక బాల్కనీలో నాలుగు కుండీల గునుగు పెంచినవాడు తన ఇంటి బతుకమ్మకు తానే పూలు పెట్టినవాడగును.

ఇది ఊహ కాదు. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నగరపు తూర్పు అంచున నారపల్లిలో తమ ఇంటి మిద్దెమీద కూరగాయలను, పండ్లను, పూలను పెంచి, ‘మిద్దెతోట’ యను మాటను తెలుగువారి ఇంటింటికి పరిచయము చేసిరి. రచయిత కలమును మాత్రమే గాక గునపమును పట్టినచో ఏమి జరుగునో వారు చూపిరి. శీలావతి వంటి మాటలు చెడిన ఈ కాలములోనే ‘మిద్దెతోట’ వంటి చక్కని తెలుగుమాట పుట్టి నిలిచినదని గమనింపుడు.

ఉపాధ్యాయమిత్రులకు మూడు మనవులు. మొదటిది: గంజాయి పేరు తరగతిలో ఎత్తుటకు జంకవలదు. దాని చరిత్రయు, కీడును, చట్టములోని శిక్షయు అతిశయోక్తి లేకుండ చెప్పుడు. అబద్ధముతో భయపెట్టినచో, అది అబద్ధమని తెలిసిననాడు నిజమును కూడ విడిచిపెట్టుదురు. రెండవది: ఈ ఊబిలో దిగిన విద్యార్థి మీ వద్దకు వచ్చినచో దొంగను చూచినట్లు చూడవలదు. స్వల్పముగా వాడి పట్టుబడినవాడు స్వచ్ఛందముగా చికిత్సకు సిద్ధపడినచో విచారణనుండి రక్షణ నిచ్చు నిబంధన 1985 చట్టములోనే కలదు. వ్యసనవిముక్తికై 14446 అను జాతీయ ఫోను సంఖ్య ఉన్నది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము ఉన్నది. ఒక్క పొట్లమునకు పిల్లవాని చిత్రము వీధికెక్కించుట వానిని బాగుచేయదు. మూడవది: ప్రతి విద్యార్థికిని ఒక కుండీ నిండు. మార్కులు వేయవలదు, పూయువరకు కాపాడుటయే పరీక్ష.

విద్యార్థులకు ఒక్క మాట. మీ చేతిలోని శ్రద్ధ తక్కువ విలువ గలది కాదు. దానిని తలుపు మూసి, దీపము దాచి, పొరుగువాని అడుగుల చప్పుడునకు ఉలికిపడుచు ఖర్చు చేయవలసిన అగత్యము లేదు. పూచిన పూవును నలుగురికి చూపలేని తోటమాలి బ్రదుకు ఎంత దీనమో తలపోయుడు. తొలకరిలో చేమంతి పిలకలు దొరకును. అప్పుడు నాటినవి చలికాలమునకు పూయును. ఆ పూలను కిటికీ తెరచి పెట్టుకొనవచ్చును.